దానపత్రంలో ఒక్క పేరు

చొక్కాలు మడతపెట్టే తీరులోనే తెలిసిపోతోంది, మరదలికి కోపం ఇంకా దిగలేదని.

ఇస్త్రీ చొక్కాను మంచం మీద పరుస్తోంది. దాని చేతులు రెండూ వెనక్కి విరిచి, దొంగని కట్టేసినట్టు బిగించి సంచిలోకి తోస్తోంది. అన్నీ తమ్ముడివే. ఆమె బట్ట ఒక్కటి కూడా అందులో లేదు.

అక్క రాత్రి డ్యూటీ దిగి వచ్చి, చేతిలో టిఫిన్ డబ్బా అలాగే పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఆసుపత్రిలో ఎన్ని చూసినా బెదరని మనిషి ఆవిడ. సంచి సర్దే చప్పుడు మాత్రం మొదట్నుంచీ పడదు. ఎవరిదైనా సరే, ఎన్నాళ్ల ప్రయాణమైనా సరే.

"సభకి ఇద్దరూ కదా వెళ్లేది? నీ బట్టలేవి?"

"నేను వెళ్లడం లేదు వదినా."

"టిక్కెట్లు రెండు తీశాడుగా."

"నా సీట్లో ఈ సంచిని కూర్చోబెట్టుకోమనండి మీ తమ్ముణ్ణి. సంచి అయితే పేరు అడగదు."

హాల్లోంచి తమ్ముడి గొంతు వినిపిస్తోంది. అద్దం ముందు నిలబడి ఉపన్యాసం వల్లె వేస్తున్నాడు.

"మా అక్క పడే అవస్థ చూసి నేను ఈ ప్రోగ్రాం మొదలుపెట్టాను. నేను రాత్రుళ్లు కూర్చుని..."

"నాలుగు," అంది మరదలు, మేజోళ్లు ఉండ చుడుతూ.

"ఏం నాలుగు?"

"'నేను'లు. ఇంకా మొదటి కాగితం కూడా దాటలేదు."

అక్క డబ్బా కింద పెట్టి హాల్లోకి వెళ్లింది. తల్లి పోయాక చేతుల్లో పెంచిన తమ్ముడు. వాడు అద్దంలోంచే అక్కని చూసి, చూడనట్టు కాలరు సర్దుకున్నాడు.

"ఏరా, తెల్లారేసరికి తేలుస్తానన్నావు. ఇదేనా తేల్చడం?"

"తేల్చడానికేం మిగల్లేదక్కా. దానపత్రం మీద సంతకం పెట్టి ఫౌండేషన్‌కి పంపేశాను."

"ఎప్పుడు?"

"పోయిన శుక్రవారం."

గదిలో చప్పుడు ఆగిపోయింది. మరదలు చేతిలో మేజోళ్ల ఉండతోనే బయటికి వచ్చింది.

"శుక్రవారమా?"

తమ్ముడు అద్దం వైపే చూస్తూ మళ్లీ కాలరు సర్దుకున్నాడు.

"శుక్రవారం సాయంత్రం నేను మా మేనేజర్ గది బయట కుర్చీలో కూర్చున్నాను. నువ్వు ఫోన్ చేశావు. ఏమైందన్నావు. ఇంకో నాలుగు రోజులు పట్టేటట్టుంది అన్నాను. పర్లేదు, ఆగుదాం అన్నావు. ఆ మాట అనేటప్పటికి సంతకం పెట్టేశావా, ఇంకా పెట్టలేదా?"

"ఇప్పుడా లెక్కలెందుకు?"

"అడుగుతున్నా. పెట్టేశావా?"

"...పెట్టేశాను."

మేజోళ్ల ఉండ వెళ్లి అద్దానికి తగిలి కింద పడింది. మెత్తటిది కాబట్టి అద్దం బతికిపోయింది.

ఇంత గొడవా దేనికంటే, 'వంతు' కోసం. ఆసుపత్రిలో నర్సుల్లో ఎవరికి పగలు, ఎవరికి రాత్రి, ఎవరికి సెలవు అని లెక్కవేసి చార్టు తీసి ఇచ్చే ప్రోగ్రాం అది. అక్క వార్డు కోసం, అక్క భోజనాల బల్ల మీదే పుట్టింది. ఒకే లాప్‌టాప్. తమ్ముడు కుర్చీలో, మరదలు పక్కన స్టూలు మీద. ఒకరి చెయ్యి నొప్పి పుడితే ఇంకొకరు కీబోర్డు లాక్కునేవాళ్లు. ఊరికే వాడుకోమని బయట పెట్టారు. ఎక్కడెక్కడి ఆసుపత్రులో వాడుతున్నాయిప్పుడు.

తప్పు జరిగింది మొదటి రోజే. మరదలు అప్పుడే ఉద్యోగంలో చేరింది. ఇంట్లో కూర్చుని రాసినా సరే, నువ్వు రాసే ప్రతి అక్షరం మాదే అని ఆ కంపెనీ ముందే రాయించుకుంది. అందుకని ఇద్దరూ నవ్వుకుంటూ ఒక ఉపాయం చేశారు. ఎవరు రాసినా సరే, తమ్ముడి పేరుతోనే ప్రోగ్రాంలోకి ఎక్కిద్దామనుకున్నారు. ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డు. తర్వాత ఎప్పుడైనా సరిచేసుకోవచ్చులే అనుకున్నారు. మొగుడూ పెళ్లాల మధ్య ఇలాంటి 'తర్వాత'లు ఎన్ని పోగుపడతాయో పెళ్లైన వాళ్లకి చెప్పనక్కర్లేదు. ఎవరేం రాశారన్న రికార్డు తిరగేస్తే మొదటి నుంచి చివరిదాకా తమ్ముడే. మరదలు ఒక్క చుక్క కూడా పెట్టిన గుర్తు లేదు.

దాన్ని ఇలాంటి ఉచిత ప్రోగ్రాంలని సంరక్షించే ఫౌండేషన్‌కి ఇచ్చేద్దామని ఏళ్ల తరబడి పోరింది మరదలే. ఇచ్చేశాక అది ఎవరి సొత్తూ కాదు, వాడుకునే వాళ్లందరిదీ. ఏ కంపెనీ వచ్చినా దానికి తాళం వెయ్యలేదు. అప్పుడు తమ్ముడే ముఖం ముడుచుకునేవాడు, కన్నబిడ్డని దత్తతిచ్చినట్టుంటుందని. తీరా ఒప్పుకున్నాక వాళ్లు అడిగింది ఒక్కటే. రాసిన వాళ్లెవరో అందరూ సంతకం పెట్టాలని. మరదలు తన కంపెనీ చుట్టూ తిరిగి, కాళ్లావేళ్లా పడి, 'దీని మీద మాకు ఏ హక్కూ లేదు' అని నిన్న రాయించుకొచ్చింది. తీసుకొచ్చి చేతికిస్తే వాడు చదవను కూడా చదవలేదు. ఇంక అక్కర్లేదన్నాడు.

"వదినా, మీరే వినండి," అంది మరదలు. "ప్రోగ్రాంతో పాటు పేర్ల ఫైలని ఒకటి వెళ్తుంది. ఎవరు చేశారో అందులో ఉంటుంది. అందులో ఒక్క వరుస చాలన్నాను. పాతదంతా తవ్వి తియ్యమన్లేదు. ఒక్క వరుస."

"ఆ ఒక్క వరుస పెడితే నా సంతకం అబద్ధమవుతుంది," అన్నాడు తమ్ముడు.

"అబద్ధమే కదా!"

"నేనొక్కణ్ణే రాశానని ప్రకటన ఇచ్చాను. ఇప్పుడు కాదంటే వాళ్ల లాయర్లు మొదటికొస్తారు. అప్పగింత సభ ఎల్లుండి. కార్యక్రమం కాగితాలు కూడా అచ్చయ్యాయి."

"చూశానులే. 'ఒంటి చేత్తో నిర్మించిన'. రెండో చెయ్యి నాదని చెప్పడానికి నీకు నోరు రాలేదు."

వాదన భోజనాల వేళ దాకా సాగింది. అప్పుడే బావ, అక్క భర్త, కళ్లద్దాల దుకాణం మూసి భోజనానికి వచ్చాడు. ముగ్గురి ముఖాలూ చూసి, సంగతి అడగక్కర్లేకుండానే అర్థం చేసుకున్నాడు. గొడవల్లో జోకులు వెయ్యడం ఆయనకో జబ్బు.

"పక్కన కూర్చున్న పెళ్లాం కనపడలేదంటే నీకు నంబరు బాగా పెరిగిందిరా బావమరిదీ. దుకాణానికి రా. నీ దగ్గర డబ్బులు కూడా తీసుకోను."

ఎవరూ నవ్వలేదు.

"మీరు ఊరుకోండి బావా. నా ఇంటి సంగతి."

"నీ ఇల్లా!" అని బావ ఏదో అనబోయాడు. అక్క కళ్లతోనే వద్దంది. భోజనాలు అలాగే అయ్యాయి. నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నారు. నీళ్ల జగ్గు తమ్ముడి దగ్గరుంటే మరదలు అడగలేదు, వాడు జరపలేదు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి కుళాయి నీళ్లు తాగి వచ్చింది.

మధ్యాహ్నం ఫౌండేషన్ ఆవిడ వీడియోలోకి వస్తుందని ముందే చెప్పారు. 'వంతు'ని మొట్టమొదట వాడిన మనిషిగా అక్క నాలుగు మాటలు చెబితే, వాటిని రికార్డు చేసి శనివారం సభలో చూపిస్తారట. నిద్ర లేక కళ్లు మండుతున్నా అక్క ముఖం కడుక్కుని, జడ సరిచేసుకుని వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుంది. పక్కన తమ్ముడు. మరదలు తెరలో పడకుండా వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"నమస్కారమండీ," అంది తెరలో ఆవిడ. చక్కగా నవ్వే మనిషి. "ఇది ఎలా మొదలైందో మీ మాటల్లో చెప్పండి. భయపడకండి, బాగా రాకపోతే మళ్లీ తీద్దాం."

"భయమెందుకమ్మా. ఈ బల్ల మీదే మొదలైంది," అంది అక్క. "వార్డులో నెల నెలా డ్యూటీలు నేనే వేసేదాన్ని. ఎవరికి రాత్రి వేస్తే వాళ్లు నా మీద విరుచుకుపడేవాళ్లు. ఒకమ్మాయి అయితే అందరి ముందూ అంది, మీ చుట్టాన్నైతే నాకిలా వేస్తారా అని. నేను ఇంటికొచ్చి ఈ కుర్చీలోనే కూర్చుని ఏడ్చాను. వీళ్లిద్దరూ ఆ వారమే మొదలుపెట్టారు. రాత్రి చేసిన వాళ్లకి తెల్లారి మళ్లీ పెట్టకూడదన్నది వీడు రాశాడు. ఒకళ్ల కోసం ఒకళ్లు డ్యూటీ మార్చుకుంటారు కదా, అది గుర్తుపెట్టుకుని పై నెలలో సరిచెయ్యాలన్నది మా మరదలు రాసింది. అసలు నర్సులు దీన్ని నమ్మింది అందుకే."

తెరలో నవ్వు కొంచెం తగ్గింది. "ఇద్దరూ అంటున్నారు. సర్, మీ ప్రకటనలో ఒక్కరే అనుంది కదా?"

తమ్ముడు వెంటనే అందుకున్నాడు. "మా అక్క ఉద్దేశం, ఇంట్లో అందరూ సాయం చేశారని. మా ఆవిడ పక్కన కూర్చునేది. టీలు పెట్టిచ్చేది. ధైర్యం చెప్పేది. ఆ సాయం మరిచిపోలేనిది."

మరదలు గుమ్మం వదిలి వచ్చింది. నెమ్మదిగానే వచ్చింది. వాడి కుర్చీ వెనక నిలబడి తెరలోకి వంగింది.

"నమస్కారమండీ. టీలు పెట్టిచ్చిన మనిషిని నేనే."

"నమస్కారం మేడమ్."

"ఈయనకి టీ పడదు. ఆ సంగతి కూడా మీ రికార్డులో రాసుకోండి."

వంటింటి వైపు నుంచి బావ దగ్గు వినిపించింది.

"మేడమ్, సూటిగా అడుగుతాను. ఇందులో మీరు రాసిన భాగం ఉందా?"

"సగం ఉంది. మా కంపెనీ కూడా నిన్న ఒప్పుకుని రాసిచ్చింది. కావాలంటే ఇప్పుడే పంపిస్తాను."

తెరలో ఆవిడ చేతిలో పెన్ను పక్కన పెట్టింది. గొంతులో సభ ఉత్సాహం పోయింది.

"సర్, ఇది మీరే చెప్పాలి. ఆవిడ కూడా రాశారంటే శనివారం అప్పగింత ఆపుతాం. అందులో మీకు పరువు తక్కువేం లేదు. ఇద్దరి సంతకాలతో మళ్లీ మొదలుపెట్టి వచ్చే సభలో తీసుకుంటాం. మీరొక్కరే రాశారంటే అనుకున్నట్టే జరుగుతుంది. ఏ మాటన్నా ఇప్పుడే చెప్పండి."

అక్క తమ్ముడి వైపు చూసింది. చిన్నప్పుడు జ్వరమొస్తే మందు మింగమంటే వాడు ఇలాగే పెదవులు బిగించేవాడు. కాసేపు బెట్టు చేసినా చివరికి మింగేవాడు. ఇప్పుడూ మింగుతాడనుకుంది.

"నేనొక్కణ్ణే రాశాను," అన్నాడు వాడు. "నా సంతకం నిజమే." అని లాప్‌టాప్ మూసేశాడు.

ఎవరైనా ఏదైనా పగలగొడితే బాగుండునని అక్కకి అనిపించింది.

"సంతకం పెట్టింది చాలలేదు," అంది మరదలు చివరికి. "ఇప్పుడు నా ఎదుటే నోటితో కూడా చెప్పావు."

"మళ్లీ మొదలంటే ఏడాది. ఏడాదిలో వాళ్లు మనసు మార్చుకుంటే?"

"ఆ కథలు వేదిక మీద చెప్పుకో. నాకు నిజం చెప్పు."

తమ్ముడు కుర్చీ వెనక్కి తన్ని లేచాడు.

"నిజమా? విను. నీకు ఉద్యోగం ఉంది. పొద్దున్నే లేచి వెళ్తే నీకంటూ ఒక బల్ల ఉంది, పిలిచే మనుషులున్నారు. నేను ఉన్న ఉద్యోగం వదిలేసి దీని మీదే కూర్చున్నాను. ఎక్కడికెళ్లినా నన్ను 'వంతు' రాసినాయన అంటారు. అది తీసేస్తే నేనెవణ్ణి? నాకింకేముంది?"

"నీది తీసెయ్యమన్నానా? నాది నాకు ఉంచమన్నాను. ఆ ఉద్యోగం చేసొచ్చి, కళ్లు మూతలు పడుతుంటే ఆ స్టూలు మీద కూర్చున్నాను. నడుం నొప్పి నాకొచ్చింది, పేరు నీకొచ్చింది. ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదు. మన ఇంట్లోనే ఉంది కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఇప్పుడది గడప దాటి వెళ్లిపోతోంది. దాటాక నేనెవరికి చెప్పుకోను? చెప్పినా, మొగుడి మీద కోపంతో వాగుతోందంటారు!"

"నువ్వు వాగేది అదేగా ఇప్పుడు."

"ఒరేయ్, నోర్ముయ్!" అంది అక్క.

అంత గొంతు ఆవిడకి ఉందని అక్కడున్న ముగ్గురికీ తెలియదు. ఆవిడక్కూడా తెలియదేమో.

"నువ్వు నా అక్కవా, దాని అక్కవా?"

"ఈ బల్ల నాదిరా. దీని దగ్గర ఎవరు కూర్చున్నారో, ఎవరు రాశారో, ఎవరు గుర్రు పెట్టి నిద్రపోయారో అన్నీ నాకు తెలుసు."

"నీకేం తెలుసు! నీకు టైపు చెయ్యడం కూడా రాదు."

అక్కకి ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

మరదలు లాప్‌టాప్ మీద చెయ్యి వేసింది. "పాస్‌వర్డు నాకూ తెలుసు. నువ్వు మెట్లు దిగేలోపు మార్చేశాననుకో, శనివారం నీ చేతిలో ఇవ్వడానికేమీ ఉండదు."

తమ్ముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అంత పని చెయ్యకు."

"చెయ్యను. అది నర్సులది. వాళ్లకి చేరాల్సిందే. ఇవ్వమని నీ వెంట పడింది నేనే." ఆమె చెయ్యి తీసేసింది. "వెళ్లు. సంచి సర్దే ఉంది. ఆ వేదిక ఎక్కు. ఎక్కి, ఇది నేనూ నా భార్యా కలిసి రాశాం, నా సంతకం తప్పు అని చెప్పు. ఆ పూట అప్పగింత ఆగితే ఆగనీ. ఏడాది కాకపోతే రెండేళ్లు ఆగుదాం. ఆ మాట చెప్పి ఇంటికి రా. చెప్పకపోతే రాకు."

"నన్ను రావద్దనడానికి ఇదేమన్నా నీ ఇల్లా? మా అక్క ఇల్లు."

అని అక్క వైపు తిరిగాడు. వాడి కళ్లలో అనుమానం కూడా లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఎన్ని తప్పులు చేసినా, ఈ ఒక్క వైపు తిరిగితే చాలని వాడికి తెలుసు.

ఒక మనిషి గడప దాటి వెళ్తుంటే దిగగానే ఫోన్ చెయ్యి, జాగ్రత్త, త్వరగా వచ్చెయ్ అని వీధి చివరిదాకా అరిచే మనిషి అక్క. పాలవాడు వెళ్తున్నా జాగ్రత్త చెబుతుందని బావ ఎగతాళి చేస్తాడు. అలాంటి మనిషి నోటి నుంచి ఆ మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు.

"అవును, నా ఇల్లే," అంది అక్క. "అదన్న మాటే నాదీను."

"అక్కా!"

"దాని పేరు చెప్పి రా. అంతే."

తమ్ముడు బావ వైపు చూశాడు. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

వాడు గదిలోకి వెళ్లి సంచి భుజాన వేసుకుని వచ్చాడు. చెప్పులు వేసుకోవడానికి ఎప్పుడూ పట్టనంత సేపు పట్టింది. ఎవరో ఒకరు పిలుస్తారని చూస్తున్నాడని అక్కకి తెలుస్తూనే ఉంది. పిలవలేదు. వాడు తలుపు వేసుకోకుండానే మెట్లు దిగాడు. కింద గేటు చప్పుడైంది.

"బాల్కనీలోకి వెళ్లవా?" అన్నాడు బావ మెల్లిగా.

"వెళ్లను," అంది అక్క. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. లేస్తే కాళ్లు అటే తీసుకెళ్తాయని భయం.

మరదలు లాప్‌టాప్ తెరిచింది. ఎవరో ఒక ఆసుపత్రి వాళ్లు రాశారు. కొత్తగా ఇద్దరు నర్సులు చేరాక చార్టు తలకిందులైందట, ఒకే అమ్మాయికి వరసగా రాత్రులు పడుతున్నాయట. మరదలు కళ్లు తుడుచుకుని చదివింది. వేళ్లు కదిలాయి.

"ఇప్పుడు కూడానా?" అంది అక్క.

"ఈ రాత్రికి వాళ్లకి చార్టు కావాలి వదినా."

సమాధానం రాసి పంపింది. కింద తమ్ముడి పేరే పడింది. ఆ లాగిన్‌లో ఇంకో పేరు పడదు.

ఆ మూడు రోజులూ వాడి దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. వీళ్లూ చెయ్యలేదు. అక్క ఫోన్‌ని యూనిఫాం జేబులో పెట్టుకుని డ్యూటీ చేసింది. రోగి చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ రెండుసార్లు లెక్క మర్చిపోయింది.

శనివారం సభ జరిగింది. అప్పగింత కూడా అనుకున్నట్టే జరిగింది. తమ్ముడు ఆదివారం పొద్దున రావాలి. ఆదివారం రాలేదు. గురువారం సాయంత్రం ఆ మెట్లు దిగినవాడు ఆ తర్వాత ఏ రోజూ ఆ ఇంటికి రాలేదు.